హాయిల్‌లో నాకు పడిన రెండు మార్కులు

సౌదీలో నేను చేసే ఉద్యోగం ఏమిటో మా అమ్మకు ఇప్పటికీ అర్థం కాలేదు. నంద్యాలలో ఎవరడిగినా "మా వసంత రియాద్‌లో పెద్ద కాలేజీలో పేపర్లు దిద్దుతుంది" అని చెప్పేస్తుంది. నేను దిద్దేది పేపర్లు కాదు. ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థి వ్యవహారాల విభాగం ఉంది. క్లబ్బులు, శిబిరాలు, హాస్టల్ కమిటీలు, వంట పోటీలు అన్నీ వాళ్ళవే. తరగతి గది బయట ఇన్ని చేస్తున్నారు సరే, దీనివల్ల పిల్లలు ఏం నేర్చుకున్నారు, నేర్చుకున్నట్టు ఎలా తెలుస్తుంది అని అడిగే పీడ ఒకటి ఉండాలి కదా. ఆ పీడ నేనే.

మనుషులను గమనించి అంచనా వేసే ఉద్యోగం, మనుషులంటే బెదిరే నాకు ఎలా వచ్చిందంటే, అందులో ముప్పాతిక భాగం కంప్యూటర్ ముందు కూర్చునే పనే. సర్వే జవాబులు వస్తాయి, నేను చదువుతాను, నివేదిక రాస్తాను. సాయంత్రం గదికి వెళ్ళి పుస్తకం చదువుకుంటాను, డైరీ రాసుకుంటాను. ఎవరితోనూ మాట్లాడకుండానే నెలలు గడిచిపోతున్నాయని సంతోషంగా ఉన్న రోజుల్లో హాయిల్ వచ్చి పడింది.

ఉత్తరాన ఉన్న హాయిల్ అనే ఊళ్ళో మా విశ్వవిద్యాలయం ఆడపిల్లల క్యాంపస్ ఉంది, అందులో ఒక యాత్రా క్లబ్బు. కొత్తగా చేరిన విద్యార్థినులను పాతవాళ్ళు ఒకరోజు యాత్రకు తీసుకెళ్ళి, దారి చూపించి, వండిపెట్టి తీసుకొస్తారు. వాళ్ళ సర్వేలో ప్రతి అమ్మాయి ప్రతి ప్రశ్నకూ నిండు మార్కులు వేసింది. ఏ ఒక్కరికీ ఏ ఒక్క ఇబ్బందీ లేదు. "సంతోషపడ్డారని తెలుస్తోంది, నేర్చుకున్నారని తెలియడం లేదు" అని నివేదికలో ఒక వాక్యం రాశాను. రాసినప్పుడు బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. మా డైరెక్టర్ మేడమ్ ఆ వాక్యం కింద గీత గీసి నన్ను పిలిచింది.

"అయితే నువ్వే వెళ్ళి చూసిరా. నేర్చుకుంటున్నట్టు కనబడితే వచ్చే ఏడాదికి క్లబ్బు ఉంటుంది. కనబడకపోతే మూసేద్దాం."

ఎప్పుడూ చూడని ఆ అమ్మాయిల క్లబ్బు మెడ మీద కత్తి పెట్టింది నా వాక్యమే. ఆ దిగులుతో బట్టలు సర్దుకున్నాను.

రియాద్ స్టేషన్

నాకు తోడుగా రుక్సానా అక్కను పంపారు. ఆదోని మనిషి. మా ఆఫీసులోనే పని. ఆమె ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయింది, అరబ్బీ గడగడా మాట్లాడుతుంది. నాది ఆఫీసు అరబ్బీ. కాగితాలు పూర్తిగా అర్థమవుతాయి, మనుషులు సగమే.

రైలెక్కేసరికి నా కిటికీ సీట్లో ఒకావిడ చంటివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. నేను చప్పుడు చేయకుండా పక్క సీట్లో కూర్చున్నాను.

"ఏమ్మే, కిటికీ సీటు నీది కదా? అడగవేంది?" అంది వెనక సీట్లోంచి రుక్సానా అక్క.

"పోనీలే అక్కా, నిద్రపోతోంది."

"యాడ నిద్ర? కండ్లు మూసుకునుండాది, అంతే. నీ మొగం చూసినప్పుడే తెలిసిపోయిండాది, ఈ పిల్ల అడగదని."

హాయిల్ దాకా ఎడారిని ఆవిడ తొడుక్కున్న నల్లటి అబాయాకూ, పిల్లవాడి చిప్స్ పొట్లానికీ మధ్య సందులోంచి చూశాను. ఇసుక మొదట లేతగా, ఖసీమ్ దగ్గర ఖర్జూర తోటలతో ఆకుపచ్చగా, ఆ తర్వాత ఎర్రగా మారింది. రుక్సానా అక్క డబ్బా మూత తీసేసరికి రైలు పెట్టె అంతా ఉగ్గాని వాసన. మిరపకాయ బజ్జీ ఒకటి ఆ సీటావిడకూ అందించింది. ఆవిడ కొరికి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, నవ్వి, ఇంకొకటి అడిగింది. స్టేషన్ వచ్చేలోగా ఆవిడ ఆడపడుచుల కథంతా రుక్సానా అక్కకు తెలిసిపోయింది. పక్కనే కూర్చున్న నాకు మాత్రం ఆవిడ పేరు కూడా తెలియదు.

హాయిల్

స్టేషన్ బయట క్లబ్బును చూసుకునే హెస్సా మేడమ్ ఫ్లాస్కుతో నిలబడి ఉంది. కారెక్కడానికి ముందే కాఫీ, ఖర్జూరాలు. ఇక్కడి కాఫీ పసుపు రంగులో ఉంటుంది. యాలకులు, కుంకుమపువ్వు వేస్తారు, పాలూ చక్కెరా ఉండవు. మా అమ్మ చూస్తే ఎవరికి జలుబు చేసిందని అడుగుతుంది. ఇక్కడ కాఫీ ఇవ్వకుండా ఊరి పేరు కూడా చెప్పరు. అతిథి మర్యాదలో హాయిల్‌ది మిగతా సౌదీ వాళ్ళు కూడా ఒప్పుకునే పేరు.

మధ్యాహ్నం క్లబ్బు అమ్మాయిలతో కూర్చున్నాను. నా దగ్గర ఒక మార్కుల పట్టిక ఉంది. మూడే వరుసలు: ముందుచూపుతో ఏర్పాట్లు చేయడం, కొత్తవాళ్ళతో మాట్లాడటం, ఏదైనా చెడిపోతే సర్దుకోవడం. ఒక్కోదానికి ఒకటి నుంచి నాలుగు దాకా మార్కులు. ఒకటంటే ఎవరో తోస్తే గానీ కదలరని, నాలుగంటే ఇంకొకరికి నేర్పగలరని.

క్లబ్బు నాయకురాలు జవాహిర్ నిటారుగా కూర్చునే అమ్మాయి. మాటలు బస్సు హారన్‌లా వస్తాయి. ఇంగ్లీషూ అరబ్బీ కలిపి నాకు అర్థమయ్యేలా మాట్లాడింది.

"పోయినసారి ఏం కష్టమనిపించింది?" అని అడిగాను.

"ఏమీ లేదు అబ్లా. అంతా తమామ్."

అబ్లా అంటే టీచరమ్మ. తమామ్ అంటే అంతా సవ్యం.

"ఏదైనా పొరపాటు?"

"అస్సలు లేదు. మీరు క్లేజా తీసుకోండి."

క్లేజా అంటే ఖర్జూరం కూరిన గుండ్రటి బిస్కట్టు, లోపల యాలకుల ఘాటు. మన కజ్జికాయకు దూరపు చుట్టం. ఊళ్ళో డబ్బా పాతిక రియాళ్ళు. నేను ప్రశ్న అడిగినప్పుడల్లా ఒకటి చేతికి వచ్చింది. ఏం నేర్చుకున్నారంటే క్లేజా. ఎక్కడ తడబడ్డారంటే క్లేజా. మూలన కూర్చున్న రీమ్ అనే సన్నటి అమ్మాయిని అడిగితే తల దించుకుని పళ్ళెమే నా వైపు జరిపింది. పొట్ట నిండింది, పట్టిక నిండలేదు.

బసకు వెళ్తుంటే రుక్సానా అక్క విషయం విప్పి చెప్పింది.

"నువ్వు వాళ్ళింటికొచ్చిన అతిథివి మే. అతిథి ముందర ఇల్లు చెడ్డగా కనపడితే అది ఐబ్, తలవంపు. మీ ఇంటికి సుట్టాలొస్తే, పప్పు అడుగంటిందని మీ అమ్మ సెప్తాదా?"

"చెప్పదు."

"మరి వీళ్ళేల సెప్తారు?"

అతిథిగా ఉన్నంతసేపూ నాకు ఏమీ కనిపించదు. ఏమీ కనిపించకపోతే క్లబ్బు ఉండదు. ఆ రాత్రి డైరీలో ఆ రెండు వాక్యాలే రాసి పడుకున్నాను.

జుబ్బా

మర్నాటి యాత్ర జుబ్బాకు. అది నఫూద్ ఎడారి నడుమ ఉన్న ఊరు. చుట్టూ ఎర్రటి ఇసుక దిబ్బలు, మధ్యలో రాతి కొండ. ఆ కొండ మీద ఎన్నో వేల ఏళ్ళ నాటి బొమ్మలున్నాయి. బస్సులో జవాహిర్ మైకు పట్టుకుని, ఒకప్పుడు ఇక్కడ పెద్ద చెరువు ఉండేదని, పొడుగు కొమ్ముల పశువులు నీళ్ళు తాగేవని చెప్పింది. కొత్త అమ్మాయిలు రాతి మీది ఆవును చూసి నోళ్ళు తెరిచారు. నేను కూడా. ఇంత ఇసుకలో ఆ ఆవు ఎంత ధైర్యంగా నిలబడి ఉందో!

తర్వాత దిబ్బల పక్కన గుడారాల దగ్గరికి వచ్చాం. ముందు గుడారంలో తివాచీలు, దిండ్లు. అన్నిటికంటే ఎత్తయిన దిండు దగ్గర నన్ను కూర్చోబెట్టారు. చుట్టూ ఇరవై జతల కళ్ళు. హెస్సా మేడమ్ కాఫీ పోస్తోంది. ఎవరూ నా కంటే ముందు తాగరు, నా కంటే ముందు నవ్వరు. పెళ్ళికూతురికైనా పక్కన పెళ్ళికొడుకు ఉంటాడు, నాకు దిండు తప్ప ఎవరూ లేరు.

ఇలాంటప్పుడు నేను చిన్నప్పటి నుంచీ చేసే పని ఒకటుంది. ఏ ఫంక్షన్‌కు వెళ్ళినా వంటింట్లోకి జారుకోవడం. అక్కడ చేతికి పని ఉంటుంది, నోటికి ఉండదు. చేతులు కడుక్కుంటానని లేచి వెనక గుడారంలోకి వెళ్ళిపోయాను.

అక్కడ అయిదారుగురు అమ్మాయిలు ఒకేసారి అరుచుకుంటున్నారు. నన్ను చూడగానే అంతా తమామ్ అయిపోయింది. ఏం చేయాలో తోచక ఉల్లిపాయల బుట్ట ముందు చతికిలబడి కత్తి తీసుకున్నాను. "అబ్లా, వద్దు వద్దు" అన్నారు. నేను తల ఎత్తలేదు. మూడో ఉల్లిపాయకు నా కళ్ళ నుంచి ధారలు. వాళ్ళలో ఒకరు నవ్వారు. నాలుగో ఉల్లిపాయకు నన్ను మరిచిపోయి మళ్ళీ అరుచుకోవడం మొదలుపెట్టారు.

నాకు అర్థమైనంతలో సంగతి ఇది. గ్యాస్ సిలిండర్ వచ్చింది, పొయ్యి వచ్చింది, రెంటినీ కలిపే రెగ్యులేటర్ మాత్రం వేరే రకానిది. అది తెచ్చే పని రీమ్‌ది. నానబెట్టిన బియ్యం, కోసిన కోళ్ళు, ముందు గుడారంలో ఆకలి. దూరంగా ఇంకో కుటుంబం గుడారం ముందు పొగ లేస్తోంది.

"కట్టెలు అడగాలి. జవాహిర్, నువ్వు వెళ్ళు, నీకు మాటలొచ్చు" అంది రీమ్. ఆ అమ్మాయి గొంతు నేను వినడం అదే మొదటిసారి.

జవాహిర్ లేచి చెప్పులు వేసుకుంది. మళ్ళీ విప్పేసి కూర్చుంది. "వెళ్ళను. పోయినేడాది అన్నీ నేనే చేశాను, నువ్వు నా వెనక సంచి మోశావు. ఈసారి కూడా నేనే వెళితే నువ్వెప్పుడు వెళతావు?"

"వాళ్ళెవరో నాకు తెలియదు."

"తెలియకపోతేనే కదా కొత్తవాళ్ళు!"

నా పట్టికలోని వరుసలు నా కళ్ళ ముందు చెప్పులు వేసుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాయి. రాసుకుందామంటే చేతి నిండా ఉల్లిపాయ. రీమ్ అందరి వైపూ చూసి, చివరికి నా చేయి పట్టుకుంది.

"అబ్లా, మీరు నాతో రండి."

పక్క గుడారం

ఇద్దరం ఇసుకలో నడిచాం. వెళ్ళేదారిలో రీమ్ అడగాల్సిన మాటలు పెదవుల మీదే మళ్ళీ మళ్ళీ అనుకుంటోంది. నేను బ్యాంకుకు వెళ్ళేటప్పుడు అచ్చం అలాగే చేస్తాను. గుడారం దగ్గరికి రాగానే నేను ఆ అమ్మాయి వెనక్కి తప్పుకున్నాను. ఆమె కూడా వెనక్కి తప్పుకోబోయి నాకు గుద్దుకుంది. వెనక చోటు లేదు. ముందుకే వెళ్ళింది.

లోపల ఉమ్ సాలెం అనే ముసలమ్మ, ఆమె కూతుళ్ళు, మనవలు. రీమ్ సలాం చెప్పి, గొంతు సవరించుకుని, కట్టెలూ ఒక పెద్ద కుండా అడిగింది. ఉమ్ సాలెం "తీసుకో తల్లీ, బండి నిండా ఉన్నాయి" అని, వెంటనే ఒట్టేసింది: "వల్లాహ్, అన్నం తినకుండా మీరు ఇక్కణ్ణుంచి కదలరు!"

ఇక్కడ ఒట్టేసి పిలిచాక కాదంటే పెద్ద అవమానం. ఔనంటే మా వెనక గుడారంలో కోళ్ళు అలాగే ఉంటాయి. అడగడం కష్టమనుకున్నాం. కాదనడం అంతకంటే కష్టమని అప్పుడు తెలిసింది. రీమ్ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఇక ఆ అమ్మాయే ఏదో గబగబా అంది. ముసలమ్మ రెప్ప వేయకుండా చూసి, ఒక్కసారిగా పకపకా నవ్వింది. తను ఏమందో రీమ్ తిరుగుదారిలో నాకు చెప్పింది. ఖాలా అంటే పిన్ని.

"ఖాలా, నీ ఒట్టు తప్పకూడదు. మేం నీతోనే తింటాం. అయితే కదిలేది కుండతో సహా, తినేది మా గుడారంలో. నువ్వూ నీ వాళ్ళూ అందరూ రావాలి."

కట్టెలు, కుండ, ముసలమ్మ, కూతుళ్ళు, మనవలు, ఒక మేకపిల్ల వరసగా ఇసుకలో నడిచి వస్తుంటే జవాహిర్ గుడారం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"కట్టెల కోసం పంపితే పెళ్ళివారిని తెచ్చావా!"

"నువ్వే కదా నన్ను పంపావు" అంది రీమ్. ఆ మాట అనేసి తనే ఆశ్చర్యపోయింది.

తర్వాత బియ్యం చాలవని తేలింది. ఇద్దరు రొట్టెల కోసం ఊళ్ళోకి, ఒకరు టమాటా పచ్చడి నూరడానికి, జవాహిర్ ముందు గుడారంలో ఆకలిగా ఉన్నవాళ్ళకు చెరువు కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పడానికి. నేను ఇంకో బుట్ట ఉల్లిపాయలకు. ముందు గుడారంలో రుక్సానా అక్క నా ఖాళీ దిండు మీద హాయిగా ఆనుకుని, నా వంతు కాఫీ తాగుతోంది.

వడ్డన అయ్యాక

భోజనాల తర్వాత హెస్సా మేడమ్ నా పట్టికలు పంచింది, తమకు తామే మార్కులు వేసుకోమని. తిరిగి నా చేతికి వచ్చిన వాటిని చూస్తే అన్నీ నాలుగులే. ఏర్పాట్లకు రీమ్ కూడా నాలుగు. జవాహిర్ నా చెవి దగ్గరికి వంగి, "అబ్లా, ఆ పొయ్యి సంగతి మాత్రం రాయకండి. ఐబ్" అంది.

రాయకపోతే ఆ రోజు నేను చూసినదేదీ లేదు. చెప్పకుండా రాసేస్తే, ఉల్లిపాయలు తరిగిన చేత్తోనే వాళ్ళ పరువు తీసినదాన్నవుతాను. ఇక మిగిలింది నోరు తెరవడం. లేచి నిలబడ్డాను.

"నేను వచ్చేటప్పుడు రైల్లో నా సీటు నాకిమ్మని అడగలేకపోయాను" అన్నాను. "కొత్తవాళ్ళతో మాట్లాడటంలో నాకు నేను వేసుకునేది ఒకటే. ఇందాక కూడా రీమ్ వెనక దాక్కున్నాను. మీ పొయ్యి వెలగకపోవడం నాకు కావాలి. అది తీసేస్తే రాయడానికి అన్నం ఒక్కటే మిగులుతుంది. అన్నం బాగుందని రాస్తే మీ క్లబ్బు మూసేస్తారు. మీరు వద్దంటే రాయను."

రుక్సానా అక్క అరబ్బీలోకి మార్చింది. నా నాలుగు మాటలు ఆమె నోట్లో చాంతాడంత అయ్యాయి. రైలు సీటు దగ్గర నా మొహం ఎలా ఉందో నటించి కూడా చూపించింది. ఎవరూ నవ్వలేదు. క్లబ్బు మూసేస్తారన్న మాట దగ్గరే అందరూ ఆగిపోయారు.

"ఈ పిల్ల ఏమడుగుతోంది?" అంది ఉమ్ సాలెం. చెప్పారు. పట్టిక తెమ్మని, తిరగేసి చూసి ఇచ్చేసింది. "మార్కులా? అయితే అన్నానికి రెండు. ఉప్పు లేదు."

గుడారమంతా బిగుసుకుపోయింది. తిన్న అన్నానికి అతిథే వంక పెట్టడం వాళ్ళు పుట్టాక విని ఉండరు.

"ఏం చూస్తారు? కుండ నాది, కట్టెలు నావి. నేను అతిథినా?" అంది ఉమ్ సాలెం. "మీ పొయ్యి వెలగలేదని తెలిసే కదా వచ్చాను. ఇంక దాచేది ఎవరికి?"

ముందు రీమ్ నవ్వింది. తర్వాత గుడారం మొత్తం.

కొత్త పట్టికలు అడిగి తీసుకున్నారు. ఈసారి ఒకరి మార్కుల మీద ఒకరు పోట్లాట. జవాహిర్ అందరికంటే ముందు నాకు వేసింది.

"అబ్లా ఫసంతాకు రెండు." వాళ్ళ నోట నా పేరు అలాగే పలుకుతుంది.

"మూడు" అంది రీమ్. "ఆమె వెనక ఉండబట్టే నేను వెనక్కి పారిపోలేకపోయాను."

"దాక్కున్నదానికి మూడా? రెండే. ఖలాస్."

ఖలాస్ అంటే ఇంక మాటల్లేవని. రీమ్ తనకు కొత్తవాళ్ళతో మాట్లాడటానికి మూడు వేసుకుంది. ఏర్పాట్లకు ఒకటి వేసుకుని, పక్కన రాసింది: "రెగ్యులేటర్‌ను ఇంట్లో ఒకసారి బిగించి చూడాల్సింది. చూడలేదు. ఇకమీద చూస్తాను." జవాహిర్ సర్దుకోవడంలో నాలుగు వేసుకోబోయి, మూడు చేసి, "ఇంకా నాకు అరవాలనిపిస్తోంది" అని రాసింది. ఇన్నేళ్ళలో నేను చదివిన సర్వే జవాబుల్లో అంత మంచి వాక్యం లేదు.

"పొయ్యి సంగతి రాయండి" అంది హెస్సా మేడమ్ చివరికి. "ఉప్పు సంగతి కూడా."

తిరుగు రైలు

రైలెక్కేసరికి నా కిటికీ సీట్లో ఒక లావుపాటావిడ కూర్చుని ఉంది. రుక్సానా అక్క ఇంకా తలుపు దగ్గరే ఉంది. నా చెవుల్లో జవాహిర్ గొంతు: రెండే. ఖలాస్. ఊపిరి పీల్చుకుని, పెదవుల మీద ఒకసారి అనుకుని, అరబ్బీలో గట్టిగానే అన్నాను.

"అమ్మా, క్షమించండి. ఇది నా సీటు."

ఆవిడ గాభరాగా లేచింది. సంచి దించుకుంది, క్లేజా డబ్బా దించుకుంది. తర్వాత తన టికెట్ చూసి, నా టికెట్ చూసి, మెల్లగా మళ్ళీ కూర్చుంది. సీటు నంబరు సరైనదే. పెట్టె వేరే.

"మొదటిసారి నోరు తెరిస్తివి, అదీ తప్పు డబ్బాలోనా!" అని రుక్సానా అక్క పెట్టెలు దాటే దారి పొడుగునా నవ్వుతూనే ఉంది. ఆ లావుపాటావిడ మాత్రం నా చేతిలో ఒక క్లేజా పెట్టే పంపింది. సరైన కిటికీ పక్కన కూర్చుని తిన్నాను. ఎడారి మొత్తం కనిపించింది, ఎవరి భుజం మీదుగానూ కాదు.

నివేదికలో అంతా రాశాను: పొయ్యి, కట్టెలు, ఒట్టు, మేకపిల్ల, ఉప్పు లేని అన్నం. మా డైరెక్టర్ మేడమ్ చదువుతూ మధ్యలో ఒకచోట ఆగి, నవ్వు ఆపుకుంది. "ఈ ఒకటి వేసుకున్న పిల్ల ఎవరు?" అని అడిగింది. చెప్పాను. క్లబ్బు ఇంకో ఏడాది ఉంటుంది.

ఆ కబురు హాయిల్‌కు నేనే ఫోన్ చేసి చెప్పాను. మామూలుగా అయితే మెయిల్ పంపేదాన్ని. అటు నుంచి కేకలు, చప్పట్లు, ఎవరో ఎవరి మీదో పడ్డ చప్పుడు. గోల తగ్గాక జవాహిర్ అంది:

"అబ్లా, వచ్చే యాత్రకు మీరు రావాలి. దిండు మాత్రం వేయం. కత్తి మీరే తెచ్చుకోండి."